బీపీ ఉన్నవాళ్ల రెటీనాలో రక్తప్రవాహం: ఓసీటీ ఆంజియో తీస్తే కొలిచినట్టేనా?

పీజీ_రెండో_ఏడు: థీసిస్ గురించి అడుగుతున్నాను. బీపీ ఉన్నవాళ్లు, లేనివాళ్లు రెండు గ్రూపులు. 3×3 మి.మీ. ఓసీటీ ఆంజియో (డై ఎక్కించకుండా కాంతితో కంటి వెనక పొరలోని నాళాల్ని చూపించే స్కాన్) తీసి నాళాల డెన్సిటీ, అంటే ఎంత చోటులో నాళాలు కనిపిస్తున్నాయన్నది, పోల్చాలని ప్లాన్. టైటిల్‌లో 'రెటీనా రక్తప్రవాహం' అని పెట్టాను. గైడ్ గారు సరే అన్నారు. ఎథిక్స్ కమిటీలో ఒకరు 'ఇందులో ప్రవాహం ఎక్కడ కొలుస్తున్నావు?' అని ఆపేశారు. ఎవరి మాట రైటు?

డాప్లర్_మూర్తి: కమిటీలో అడిగినాయన మాటే రైటు. ఓసీటీ ఆంజియో ఒకే చోటును మళ్లీ మళ్లీ స్కాన్ చేసి, ఈలోపు మారిన చుక్కల్ని తెల్లగా చూపిస్తుంది. కదలిక ఉందా లేదా అన్నదే దానికి తెలుసు. స్కాన్‌కీ స్కాన్‌కీ మధ్య 5 మిల్లీసెకన్లు అనుకోండి. కేశనాళికలో ఎర్రకణం సెకనుకు 1-2 మి.మీ. నడిచినా, ఆ వ్యవధిలో 5-10 మైక్రాన్లు జరిగిపోతుంది. అంటే దాదాపు తన వెడల్పంత. సిగ్నల్ అక్కడికే నిండిపోతుంది. ఆపైన వేగం రెట్టింపైనా బొమ్మ అంతే తెలుపు. మరీ నెమ్మదిగా కదిలితే నాళం ఉండి కూడా కనిపించదు.

లక్ష్మి_ఓపీ_గది: మూర్తి గారూ, మెషిన్ రిపోర్టులోనే 'పెర్ఫ్యూషన్ డెన్సిటీ' అని అచ్చవుతోంది కదండీ. పెర్ఫ్యూషన్ అంటే రక్తం అందడమేగా? డై ఎక్కించక్కర్లేదు, కొన్ని సెకన్ల పని. 180/110 ఉన్న మనిషికి ఇందుకోసం ఫ్లోరెసిన్ డై ఇంజెక్షన్ ఇస్తామా? రక్తం వేగాన్ని కొలిచే డాప్లర్ ఓసీటీ మన దగ్గర ఎందరికి అందుబాటులో ఉంది? ఉన్నదానితో కొలవొద్దంటే పీజీ పిల్లలు థీసిస్ ఎలా చేయాలి?

డాప్లర్_మూర్తి: అచ్చయినంత మాత్రాన ఆ మాట అర్థం మారదు మేడమ్. పెర్ఫ్యూషన్ డెన్సిటీ అంటే స్కాన్ పెట్టెలో ఎంత శాతం చోటు తెల్లగా ఉందన్నది. ప్రవాహానికి యూనిట్ నిమిషానికి మైక్రోలీటర్లు. ఆరోగ్యంగా ఉన్న కంటిలో మొత్తం రెటీనాకు డాప్లర్ ఓసీటీ లెక్కన సుమారు 40-50 వస్తుంది. దానికి వేగం కావాలి, నాళం అడ్డుకోత కావాలి, కాంతికిరణం నాళాన్ని తాకే కోణం కావాలి. డిస్క్ (కంటి నరం, రక్తనాళాలు రెటీనాను కలిసే చోటు) చుట్టూ రెండు వలయాల్లో స్కాన్ చేసేది ఆ కోణం కోసమే. కిరణానికి లంబంగా, అంటే సరిగ్గా అడ్డంగా, ఉన్న నాళంలో డాప్లర్ సున్నా చూపిస్తుంది, రక్తం పరుగెడుతున్నా సరే. వ్యాసం 100 మైక్రాన్లకు బదులు 105 అని కొలిస్తే చాలు, ప్రవాహంలో 10 శాతం తేడా వచ్చేస్తుంది.

ఆప్టోమ్_శివ: సిగ్నల్ స్ట్రెంగ్త్ 10కి 7 లోపు వస్తే ఆ స్కాన్ పక్కన పెట్టండి. కన్ను ఆరినా, శుక్లం ముదిరినా డెన్సిటీ పడిపోతుంది, దానికి బీపీతో పనిలేదు. కృత్రిమ కన్నీరు ఒక చుక్క వేసి, నాలుగుసార్లు రెప్పలు ఆర్పమని మళ్లీ తీయండి. ఆక్సియల్ లెంగ్త్ (కంటి ముందు నుంచి వెనక దాకా పొడవు) కూడా రాసుకోవాలి. 26 మి.మీ. కంటిలో మీరు 3 మి.మీ. అనుకునే పెట్టె నిజానికి అంతకంటే పెద్దది.

లక్ష్మి_ఓపీ_గది: శివ గారు చెప్పింది అక్షరాలా నిజం. చుక్కలు వేసి కంటిపాపను డైలేట్ చేసి (పెద్దది చేసి) తీస్తే సిగ్నల్ ఇంకా మెరుగు.

డాప్లర్_మూర్తి: ఏ చుక్కలతో?

లక్ష్మి_ఓపీ_గది: అందరూ వాడేవే. ట్రోపికమైడ్ 0.8, ఫినైల్‌ఎఫ్రిన్ 5 శాతం కలిపినవి.

డాప్లర్_మూర్తి: బీపీ స్టడీలో ఫినైల్‌ఎఫ్రినా! అది నాళాల్ని బిగించే మందు, బీపీని కూడా పెంచగలదు. మీరు కొలిచేది జబ్బునా, చుక్కల్నా? ఉత్త ట్రోపికమైడ్ 1 శాతం వేసి అరగంట ఆగండి.

లక్ష్మి_ఓపీ_గది: రెండు గ్రూపులకూ అవే చుక్కలు వేస్తే తేడా ఎక్కడినుంచి వస్తుంది?

డాప్లర్_మూర్తి: బీపీ ఉన్న నాళం, లేని నాళం ఆ మందుకు ఒకేలా స్పందిస్తాయని ఎవరు చెప్పారు మీకు?

లక్ష్మి_ఓపీ_గది: సరే, చుక్కలు మారుస్తాను. అసలు మాట అది కాదు. మీరు ప్రతి థ్రెడ్‌లోనూ ఇంతే, ఎవరు ఏది కొలిచినా 'అది ప్రవాహం కాదు' అంటారు. దాంతో పిల్లలు అసలు ఏదీ కొలవకుండా మానేస్తున్నారు.

జపాన్_నుంచి_కిరణ్: ఇక్కడ లేజర్ స్పెకిల్ (లేజర్ కాంతి మినుకుల్ని బట్టి రక్తం కదలికను చూసే పద్ధతి) వాడకం ఎక్కువ. 4 సెకన్ల రికార్డింగ్, ప్రతి గుండెదెబ్బకూ ప్రవాహం లేచి పడటం కనిపిస్తుంది. కానీ అంకె సాపేక్షం. అదే కంటిని మందుకు ముందూ తర్వాతా పోల్చడానికి భేష్, ఒకరి కంటిని ఇంకొకరి కంటితో పోల్చడానికి కష్టం.

ఫిజీషియన్_సుబ్బారావు: కంటివైపు నుంచి నాకు 'రెటీనా రక్తప్రవాహం తగ్గింది' అని కాగితం వస్తుంది. ఇప్పుడు నేను మాత్ర పెంచాలా, తగ్గించాలా?

డాప్లర్_మూర్తి: నా గొడవంతా దీని గురించే సుబ్బారావు గారూ! 'ప్రవాహం తగ్గింది' అని చదివితే, బీపీ మరీ దించేశామేమో, కంటికి రక్తం చాలట్లేదేమో అని ఎవరైనా మాత్ర తగ్గిస్తారు. లెక్క చూడండి. 160/100 అంటే సగటు ఒత్తిడి 120. కూర్చున్న మనిషి కంటి ధమని దగ్గర అందులో మూడింట రెండు వంతులు ఉంటుందని లెక్క, అంటే 80. కంటి ఒత్తిడి 16 తీసేస్తే, రక్తాన్ని కంటిలోకి నెట్టే ఒత్తిడి 64. అదే మనిషికి 130/80 అయితే దాదాపు 48. ఆ 64 ఒత్తిడికి రెటీనా ధమని తనంతట తానే బిగుసుకుని ప్రవాహాన్ని నిలకడగా ఉంచుకుంటుంది. నాళం సన్నబడినా ప్రవాహం తగ్గిందని కాదు. సన్నబడటం వేరు, ఎండిపోవడం వేరు. ఆ ఒక్క మాట తప్పు రాస్తే మాత్ర తప్పుతుంది.

లక్ష్మి_ఓపీ_గది: నాదీ మాత్ర గొడవేనండీ. బీపీకి నొప్పి ఉండదు. 'నాకేమీ లేదు' అని మాత్ర మానేసినవాళ్లకు స్క్రీన్ మీద సన్నని నాళాలు చెదిరిన చోటు వేలుపెట్టి చూపిస్తే ఆగి వింటారు. మైక్రోలీటర్లు చెబితే వినరు. ఆ బొమ్మ నాకు కావాలి.

డాప్లర్_మూర్తి: బొమ్మ చూపించండి మేడమ్, ఒక్కసారి కాదు పదిసార్లు చూపించండి. కాగితం మీద 'డెన్సిటీ ఇంత, సిగ్నల్ ఇంత' అని రాయండి. 'ప్రవాహం' అని మాత్రం రాయొద్దు.

లక్ష్మి_ఓపీ_గది: కాగితం వరకు ఒప్పుకుంటాను. పేషెంటుతో మాత్రం 'రక్తం సరిగా అందట్లేదు' అనే అంటాను. వాళ్లకు అర్థమయ్యే మాట అదే.

డాప్లర్_మూర్తి: అదే మాట వాళ్లు వెళ్లి సుబ్బారావు గారితో చెబుతారు.

పీజీ_రెండో_ఏడు: సర్, మేడమ్, టైటిల్ 'కేశనాళికల డెన్సిటీ' అని మారుస్తున్నాను. ఇంకేం జోడించాలి?

డాప్లర్_మూర్తి: బీపీ చేసే నష్టమే నీ ప్రశ్న అయితే ధమని గోడ మందం చూడాలి తమ్ముడూ. జర్మనీలో ఎర్లాంగెన్ వాళ్లు స్కానింగ్ లేజర్ డాప్లర్‌తో బయటి వ్యాసం, లోపలి వ్యాసం విడివిడిగా కొలిచి, గోడకూ లోపలి ఖాళీకీ నిష్పత్తి కట్టారు. ఆ మెషిన్ నీకు దొరక్కపోతే ఫండస్ ఫొటో (కంటి వెనక భాగం ఫొటో) చాలు. డిస్క్ అంచు నుంచి అర డిస్క్ వ్యాసం దూరంలో మొదలుపెట్టి ఒక వ్యాసం దూరం దాకా ఉన్న పట్టీలో, అన్నిటికన్నా పెద్ద 6 ధమనులు, 6 సిరలు కొలువు. 2003 నాటి నడ్‌సన్ సూత్రంతో ధమని-సిర వ్యాసాల నిష్పత్తి తీయి.

ఆప్టోమ్_శివ: స్కాన్ తీసిన కుర్చీలోనే, 5 నిమిషాలు కూర్చోబెట్టాక బీపీ చూడండి. ఆ పొద్దున మాత్ర ఎన్నింటికి వేసుకున్నారో, కాఫీ తాగారో లేదో కూడా రాసుకోండి.

లక్ష్మి_ఓపీ_గది: చుక్కలకు ముందొకసారి, అరగంట తర్వాత ఇంకోసారి చూడు. ఫినైల్‌ఎఫ్రిన్ లేనివే వాడు.