కామెర్లు తగ్గట్లేదు, స్కాన్‌లో అడ్డేమీ లేదు. ఎవరికైనా తెలుసా?

కలత నిద్ర: మూడు గంటల నుంచి రిపోర్టులు ముందేసుకుని కూర్చున్నా, బుర్ర పనిచేయట్లేదు. మా తమ్ముడికి నెల దాటి కామెర్లు, పెరుగుతున్నాయే గానీ తగ్గట్లేదు. ఎంఆర్‌సీపీలో (పిత్తనాళాల స్కాన్) రాయి లేదు, నాళాలు బాగున్నాయన్నారు. హెపటైటిస్ పరీక్షలన్నీ నెగటివ్. లివర్ బయాప్సీలో మాత్రం పిత్తనాళాలు కనబడట్లేదని రాశారు. రెండిట్లో ఒకటి తప్పే కదా? వాడేమో రాత్రంతా దువ్వెనతో కాళ్లు గోక్కుంటున్నాడు, దుప్పటి మీద రక్తపు చారలు.

సూటిగా: బిలిరుబిన్ (కామెర్ల పసుపు పదార్థం) ఎంత, అందులో డైరెక్ట్ (లివర్ మార్చి పంపేది) ఎంత? ఏఎల్‌పీ (పిత్తం ఆగితే పెరిగే ఎంజైమ్)? వాడిన మందులు?

పాతకాపు: మందులంటే గుర్తొచ్చింది. జలుబు చేసినా యాంటీబయాటిక్ మింగే అలవాటు మనది. అమాక్సిసిలిన్-క్లావులనేట్ కోర్సు అయిపోయిన కొన్ని వారాలకు కూడా కామెర్లు రావచ్చు. అరుదుగా పిత్తనాళాలే దెబ్బతింటాయి. చెబితే వినేదెవరు?

కలత నిద్ర: అవేం వాడలేదండీ. బిలిరుబిన్ 14, డైరెక్ట్ 11, ఏఎల్‌పీ 900 పైనే. కీమో కూడా ఇంకా మొదలుపెట్టలేదు, కామెర్లు తగ్గాకే అంటున్నారు.

సూటిగా: కీమోనా? దేనికి?

కలత నిద్ర: హాజ్‌కిన్ లింఫోమా, లింఫు గ్రంథుల క్యాన్సర్. మెడలో గడ్డ. రాశాననే అనుకున్నా, సారీ. లివర్‌లో క్యాన్సర్ కణాలు లేవన్నారు కదా, దీనికీ దానికీ సంబంధం లేదనుకున్నా.

ల్యాబ్ మూల: మొదట రాయాల్సింది అదేనండీ! రెండు రిపోర్టులూ కరెక్టే కావచ్చు. స్కాన్‌లో కనిపించేవి పెద్ద నాళాలు. పోయేవి లివర్ లోపలి సన్నటి నాళాలు, మైక్రోస్కోప్‌లో తప్ప దొరకవు. బయాప్సీ ముక్కలో కనీసం 10 పోర్టల్ ట్రాక్టులు (సన్నటి రక్తనాళాలు, పిత్తనాళం కలిసి ఉండే చోట్లు) ఉండి, సగానికి పైగా వాటిలో నాళం లేకపోతే వానిషింగ్ బైల్ డక్ట్ సిండ్రోమ్, అంటే పిత్తనాళాలు మాయమయ్యే జబ్బు, అంటారు. హాజ్‌కిన్‌లో ఒక్క క్యాన్సర్ కణం లివర్‌లోకి రాకపోయినా ఇది రావచ్చు.

పాతకాపు: ‘మాయం’ అనడం కంటే డక్టోపీనియా, అంటే నాళాలు తగ్గిపోవడం, అంటే మేలు. పుట్టుకతో తక్కువుంటే అది వేరే.

సూటిగా: పేరు మారిస్తే దురద తగ్గుతుందా?

పాతకాపు: తగ్గదు. పేరు సరిగా ఉంటే వెతికేది సరిగా వెతుకుతారు.

కలత నిద్ర: మరి కామెర్లు తగ్గేదాకా ఆగొచ్చా?

ల్యాబ్ మూల: చిక్కంతా అక్కడే. హాజ్‌కిన్ కీమోలో వాడే డాక్సోరూబిసిన్, విన్‌బ్లాస్టిన్ లివర్ ద్వారానే బయటికి పోతాయి, అందుకే బిలిరుబిన్ ఎక్కువుంటే డోసు తగ్గిస్తారు. కానీ కామెర్లకు మూలం లింఫోమానే అయితే దాని సంగతి చూడకుండా ఇవి తగ్గుతాయనుకోలేం. వైద్యం పడ్డాక కొందరి లివర్ కోలుకుంటుంది, అందరిదీ కాదు. క్యాన్సర్ డాక్టర్, లివర్ డాక్టర్ కలిసి తేల్చాల్సిన విషయం, ఆలస్యం చేయకండి. పిత్తం పేగులోకి సరిగా రాకపోతే రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన విటమిన్ కె కూడా ఒంటికి పట్టదు, ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే పరీక్ష) చూశారా?

సూటిగా: దురదకి కొలెస్టిరమిన్ (పేగులో పిత్తాన్ని పట్టేసే పొడి) ఇస్తే మిగతా మాత్రలు గంట ముందు, లేదా 4 గంటల తర్వాత. లేకపోతే వాటినీ పట్టేస్తుంది.

కలత నిద్ర: ఐఎన్‌ఆర్ 1.9 ఉంది, ఇప్పుడే చూశా. పొద్దున్నే ఇద్దరు డాక్టర్లనూ అడుగుతా. ఇంకోటి, గడ్డ ఇన్ఫెక్షన్ అనుకున్నప్పుడు వారం రోజులు ఏదో యాంటీబయాటిక్ ఇచ్చారు. చీటీ ఎక్కడో ఉండాలి.

పాతకాపు: చెప్పానా!

కలత నిద్ర: వాడు లేచినట్టున్నాడు. థ్యాంక్సండీ.