హోదా అభ్యాసంలో ‘నువ్వు’, ‘మీరు’ల చిక్కును ఎలా దాటించాలి?

వారాంతాల్లో పన్నెండు మందికి ఆశునాటకం, అంటే ముందే రాసుకోకుండా అప్పటికప్పుడు మాటలు అల్లుకుంటూ ఆడే నాటకం, నేర్పుతున్నాను. బ్రిటిష్ నాటక దర్శకుడు కీత్ జాన్‌స్టన్ 1960లలో లండన్ రాయల్ కోర్ట్ థియేటర్‌లో నటులతో చేయించిన హోదా అభ్యాసాన్ని, అంటే ఇద్దరిలో ఒకరు పైచేయిగా, మరొకరు తగ్గి ఉంటూ, చూపుతో, నిలబడే తీరుతో ఆ స్థానాలను మెల్లగా తారుమారు చేసుకునే ఆటను, తెలుగులో చేయించబోతే చిక్కు వస్తోంది. ‘నువ్వు’, ‘మీరు’ అనగానే హోదా మాటలోనే తేలిపోతోంది. మొన్న యజమాని పాత్రధారి ‘ఒరేయ్’ అనగానే పనివాడి పాత్ర వేసిన కుర్రవాడు చేతులు కట్టుకుని, సన్నివేశం ముగిసేవరకు తల ఎత్తలేదు. అర్థంలేని శబ్దాలతో చేయించినప్పుడు మాత్రం అతనే చక్కగా పైచేయి సాధించాడు. ఇద్దరిచేతా ‘మీరు’ అనిపించడమే మేలని నాకు తోస్తోంది, కానీ సంభాషణ కృతకమవుతుందేమోనని భయంగా ఉంది. తెలుగులో ఈ అభ్యాసం చేయించినవారు ఏ పద్ధతి పాటించారో దయచేసి వివరంగా చెప్పగలరా?