అగరుబత్తి పుల్ల: వెదురు మన దగ్గరే ఉంటే పుల్ల వియత్నాం నుంచి ఎందుకు?

నాలుగు_మిషన్లు:
ఆటోమేటిక్ మిషన్లు నాలుగున్న యూనిట్. సెంటు వేయని ముడి బత్తి చేసి ఇవ్వడం పని. పుల్ల 8 అంగుళాలు, 1.3 మి.మీ. వియత్నాం పుల్ల వేస్తే మిషన్ దాని మానాన అది ఆడుతుంది. దగ్గర్లో చేసిన వెదురు పుల్ల వేస్తే పావుగంటకోసారి ఆపాలి. పుల్ల దారిలో ఇరుక్కుంటుంది, మసాలా ముద్ద పుల్లకి పట్టే నాజిల్ దగ్గర విరుగుతుంది, మసాలా ఒక పక్కకే పడుతుంది.

మూడు విషయాలు అడగాలి. ఇక్కడి పుల్లని మిషన్‌కి సరిపడేలా చేసుకోవచ్చా? సొంతంగా పుల్ల లైను (పుల్ల చేసే మిషన్ల వరస) పెట్టుకుంటే గిట్టుతుందా? పుల్ల మీద సుంకం 25 శాతం చేశాక కూడా బయటి సరుకే చవగ్గా ఎలా వస్తోంది? వెదురు పెరిగే దేశంలో వెదురు పుల్ల దిగుమతి ఏమిటో అర్థం కావడం లేదు.

నాజిల్_మేస్త్రి:
ముందు ఒక మాట చెప్పండి. మీకు వస్తున్న లోకల్ పుల్ల గుండ్రటిదా, పలకలదా? మీరు చెప్పిన లక్షణాలు చూస్తే కత్తితో చీల్చిన పలక పుల్లలాగే ఉంది.

లెక్క చూడండి. పుల్ల దారి రంధ్రం సాధారణంగా 1.5 మి.మీ. దగ్గర ఉంటుంది. 1.3 మి.మీ. గుండ్రటి పుల్ల అందులో ఖాళీగా వెళ్తుంది. అదే 1.3 పలక పుల్లయితే మూల నుంచి మూలకి 1.84 మి.మీ. వస్తుంది, చచ్చినా దూరదు. దూరాలంటే పక్క 1.06కి మించకూడదు. అంత సన్న పుల్ల మసాలా ఒత్తిడికి విరిగిపోతుంది. చేత్తో చుట్టే రోజుల్లో పలక పుల్ల తప్పు కాదు, మసాలా ఇంకా బాగా పట్టేది. మిషన్లొచ్చాక అదే పనికిరానిదైంది. త్రిపుర నుంచి దేశమంతా వెళ్లే పుల్లల వ్యాపారం దెబ్బతినడానికి ధర ఒక్కటే కారణం కాదు, ఈ గుండ్రదనం కూడా.

గుండ్రటిదే అయినా కొలత మారుతోందేమో చూడాలి. 3 మి.మీ. ఇనుప రేకుకి 1.2, 1.5 డ్రిల్ బిట్లతో రెండు రంధ్రాలు వేయించండి. మంచి పుల్ల పెద్ద దాంట్లోంచి వెళ్లాలి, చిన్న దాంట్లోకి దూరకూడదు. ప్రతి మూట మధ్యలోంచి 100 పుల్లలు తీసి చూడండి. మూడు తప్పితే తక్కువే కదా అనిపిస్తుంది. మిషన్ నిమిషానికి 200 కొడుతుంటే నిమిషానికి ఆరు తప్పు పుల్లలన్నమాట, రోజంతా ఆపరేటర్ చేతిలో పట్టకారే ఉంటుంది.

వంకర చూడటానికి గాజు పలక మీద పుల్లని దొర్లించండి, ఎగిరెగిరి దొర్లితే వంకరే. మసాలా ఒక పక్కకి పడటం ఎక్కువగా వంకర వల్లే. నాజిల్ అరిగి కోలగా మారినా అలాగే పడుతుంది. వియత్నాం పుల్లతో ఆ తేడా రావడం లేదంటున్నారు కాబట్టి మీ నాజిల్ బాగానే ఉన్నట్టు.

విరగడానికి తేమే మొదటి అనుమానం. 100 గ్రాముల పుల్లని 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు తగ్గడం ఆగేదాకా ఉంచండి. 88–90 గ్రాములు మిగిలితే బాగుంది. 93 మిగిలితే అతిగా ఎండింది, పుటుక్కున విరుగుతుంది. 85కి దిగితే ఉబ్బి దారిలో ఇరుక్కుంటుంది, వానాకాలంలో బూజు కూడా పడుతుంది.

కణుపు:
మేస్త్రి గారు మిషన్ వైపు చెప్పారు, నేను వెదురు వైపు చెప్తాను. అసలు చిక్కు అక్కడే ఉంది.

నల్లమల, భద్రాచలం, రంపచోడవరం వైపు ఎక్కువగా దొరికేది సాధన వెదురు. గట్టిది, లోపల దాదాపు నిండుగా ఉంటుంది. నిచ్చెనలకీ కర్రలకీ దాన్ని మించింది లేదు. పుల్లకొచ్చేసరికి దాని కణుపుల మధ్య దూరం తక్కువ, 30 నుంచి 45 సెం.మీ. పుల్లలో కణుపు ఉండకూడదు, పీచు అక్కడ మెలి తిరుగుతుంది, విరిగేది అక్కడే. రెండు చివర్లా రెండేసి సెంటీమీటర్లు వదలాలి. 35 సెం.మీ. గెడలో (రెండు కణుపుల మధ్య ముక్కలో) మిగిలేది 31. 8 అంగుళాల ముక్క అంటే 20.3, ఒకటే వస్తుంది. ఇంకా చీల్చకముందే 10 సెం.మీ. పైగా పోయింది. త్రిపుర, అస్సాంలలో పుల్లకి వాడే టుల్డా రకంలో 50 సెం.మీ. గెడలు మామూలు, ఒక్కో దాంట్లో రెండు ముక్కలొస్తాయి. అందుకే ఇక్కడి వెదురుతో చేయించేటప్పుడు 8 అంగుళాలకే పట్టుబట్టకుండా 9 అంగుళాల ఆర్డర్లు చూసుకోండి, అదే గెడలో వృథా తగ్గుతుంది.

గెడని చీల్చాక లోపలి మెత్తటి భాగం పుల్లకి పనికిరాదు. పైన పచ్చటి తొక్కలో ఇసుక గుణం ఎక్కువ, కత్తి అంచుని తినేస్తుంది. ఈ రెండూ పోగా మధ్య పొరలోంచే మంచి పుల్ల. మీ లోకల్ పుల్లలో లోపలి భాగం కలుస్తోందేమో చూడండి. గోటితో నొక్కితే గాటు పడేవి, పాలిపోయినట్టు తెల్లగా ఉండేవి అవే.

చీల్చే పనంతా పచ్చి మీద ఉండగానే అవ్వాలి. ఎండిన వెదురు పుల్ల మిషన్‌లో చిట్లుతుంది. వరస ఇలా ఉంటుంది: రంపంతో కోత, నిలువు చీలిక, లోపలి కణుపు తీయడం, పలుచటి పట్టీలు చేయడం, ఆ పట్టీని అర్ధచంద్రపు గాళ్లున్న రెండు రోలర్ల మధ్య నడిపితే గుండ్రటి పుల్లలు. తర్వాత ఎండ, తర్వాత పాలిష్ డ్రమ్ము. చాలామంది డ్రమ్ము దగ్గర టైం మిగుల్చుకుంటారు. మీ నాజిల్ మూసుకుపోయేది ఆ ఊడని పీచుతోనే. ఒక పుల్లని తెల్ల గుడ్డలోంచి లాగండి, దారాలు పట్టి లాగితే పాలిష్ చాలలేదు.

మూడేళ్లు నిండని వెదురు వద్దు, ఎండాక ముడుచుకుని సన్నబడుతుంది. నరకడం వానలు వెళ్లాక, చలికాలంలో. లేతదాంట్లో, తప్పు కాలంలో కొట్టినదాంట్లో పిండి పదార్థం ఎక్కువ, పురుగు పట్టి మూటలో పౌడరు రాలుతుంది. రెండు మూడు వారాలు పారే నీళ్లలో నానబెడితే తగ్గుతుంది. మందులు మాత్రం కొట్టొద్దు. ఇది కాల్చి పీల్చే వస్తువు.

పన్ను_లెక్క:
మూడో ప్రశ్నకి నేను.

వరసగా జరిగింది ఇది. 2011లో దిగుమతి సుంకం 30 నుంచి 10 శాతానికి దిగింది. ఖాదీ, గ్రామీణ పరిశ్రమల కమిషన్ చెప్పిన లెక్క ప్రకారం ముడి బత్తి దిగుమతి 2009లో 31 కోట్ల రూపాయలుంటే 2019 నాటికి 546 కోట్లకి చేరింది. 2019 ఆగస్టు 31న అగరుబత్తి దిగుమతిని స్వేచ్ఛా జాబితాలోంచి ఆంక్షల జాబితాలోకి మార్చారు. బత్తి రావడం ఆగేసరికి పుల్ల రావడం పెరిగింది. 2020 జూన్‌లో పుల్ల మీద సుంకం 10 నుంచి 25 చేశారు. మధ్యలో ఇంకోటి జరిగింది, చాలామంది పట్టించుకోలేదు. 2017లో అటవీ చట్టం సవరించి, అడవి బయట పెంచిన వెదురుని చెట్టు నిర్వచనంలోంచి తీసేశారు. అంతకుముందు సొంత పొలంలో వెదురు కొట్టి లారీ ఎక్కించాలన్నా పర్మిట్ కావాల్సిందే.

ఇక ధర. వియత్నాంతో కాదు గానీ చైనాతో పోల్చి కమిషన్ 2022లో చెప్పిన అంకెలే చూడండి. వెదురు టన్ను మన దగ్గర 4,000–5,000 రూపాయలు, చైనాలో 8,000–10,000. ముడిసరుకు మనకే సగం ధర! అయినా పుల్లకి పడే ఖర్చు మన దగ్గర టన్నుకి 25,000–40,000, చైనాలో 12,000–15,000. ఎలాగంటే, మనం వెదురులో 16 శాతమే పుల్ల చేసి మిగతా 84 శాతం పారేస్తున్నాం. టన్నుకి 4,500 పెట్టి 16 శాతం తీస్తే వెదురు ఖర్చే 28,000 దాటింది, కూలీ, కరెంటు ఇంకా కలపలేదు. అక్కడ తుక్కు కూడా అమ్ముడవుతుంది కాబట్టి ఆ ఖర్చు పుల్ల నెత్తిన పడదు. 25 శాతం సుంకం ఈ గుంటని పూడ్చలేదు. ఆ 2022లోనే తుక్కుతో చేసే వెదురు బొగ్గు ఎగుమతికి కేంద్రం అనుమతిచ్చింది ఈ కారణంతోనే.

నాలుగు_మిషన్లు:
గుడ్డ పరీక్ష ఇప్పుడే చేశాను. పీచు పట్టింది. గేజి రేకు రేపు చేయిస్తాను. అయితే తుక్కు సంగతి తేలకుండా లైను పెట్టకూడదన్నమాట. నాలుగు మిషన్లకి ఎంత తుక్కు వస్తుంది?

కణుపు:
మిషన్‌కి రోజుకి 80 కిలోలు అనుకుందాం, మొత్తం 320 కిలోల బత్తి. మీ కొలతలో కిలో పుల్లకి సుమారు 5 కిలోల బత్తి వస్తుంది కాబట్టి రోజుకి 64 కిలోల పుల్ల. 16 శాతం చొప్పున 400 కిలోల పచ్చి వెదురు. తుక్కు 336 కిలోలు.

ఎండాక అది 180 కిలోలు ఉంటుందనుకోండి, బొగ్గు చేస్తే 45–50 కిలోలు. 320లో పుల్ల పోగా మీ మసాలా 256 కిలోలు, అందులో బొగ్గు సగం ఉంటే రోజుకి 128 కిలోలు కావాలి. అంటే బొగ్గులో మూడో వంతుకి పైగా మీ తుక్కులోంచే. మూతున్న 200 లీటర్ల డ్రమ్ములో గాలి తక్కువగా కాల్చాలి. గోధుమ రంగు తేలిన ముక్క కనిపిస్తే అది సగమే కాలింది, పక్కన పెట్టండి, బత్తిలో కలిస్తే కళ్లు మండే పొగ. పొడి 100 మెష్ (అంగుళానికి 100 కన్నాల) జల్లెడ దిగాలి, బరకగా ఉంటే మళ్లీ నాజిల్ దగ్గరే తేలతారు.

అయినా నాలుగు మిషన్ల కోసం లైను పెట్టమనను. ఆ లైను ఖాళీగా కూర్చుంటుంది. చుట్టుపక్కల ఇంకో పది యూనిట్లు పుల్ల కొంటామంటే అప్పుడు ఆలోచించండి.

నాజిల్_మేస్త్రి:
లెక్క బాగుంది గానీ, పుల్ల ఒక్కటి మారిస్తే బత్తి మనదైపోదు. జిగట్ మాటేమిటి? మసాలాని పట్టి ఉంచే నరమామిడి బెరడు పొడి అది. చెట్టు చుట్టూ బెరడు వలిచేస్తే చెట్టు చస్తుంది, అలా చాలా చోట్ల పోయాయి. ఇప్పుడు జిగురు పొడి కూడా వియత్నాం నుంచే దిగుతోంది. ఇక్కడి జిగట్ వాడేవాళ్లు ఒకటి గమనించండి, రంపప్పొట్టు కల్తీ ఎక్కువ. కొత్త బస్తా రాగానే మీ పాత పాళ్లతోనే ఒక కిలో కలపండి. నీళ్లు కిలోకి 600 మి.లీ.తో మొదలెట్టి కొద్దికొద్దిగా పెంచండి, 700 దాటినా ముద్ద పిడికిట్లో నిలవకపోతే బస్తా వెనక్కి పంపండి. నీళ్లు ఎక్కువ పోసి సర్దుకుంటే మిషన్‌లోంచి వస్తుంది గానీ ఎండాక బత్తి పగులుతుంది. ఎండబెట్టడం నీడలోనే.

పుల్లకి నా సలహా: ఒకేసారి మార్చకండి. ఒక మిషన్‌కి లోకల్ పుల్ల, మూడింటికి పాతది. ఆ ఒక్క మిషన్ రోజుకి ఎన్నిసార్లు ఆగిందో గోడ మీద సుద్దతో గీతలు పెట్టించండి. పుల్ల చేసేవాళ్లకి ఆ గీతలూ, మీ గేజి రేకు నకలూ ఇవ్వండి. వాళ్ల దగ్గర రేకు లేకపోతే ఎన్ని మూటలు వాపసు చేసినా ఆ పుల్లలే తిరిగొస్తాయి.

పన్ను_లెక్క:
రేకు ఇచ్చేటప్పుడు బిల్లులో కూడా రాయించుకోండి: 100కి రెండు దాటితే మూట వాపసు, తేమ 12 దాటితే బరువు కోత. కిలో లెక్కన కొంటున్నారు కదా, తడి పుల్ల కొంటే నీళ్లకి డబ్బు కట్టినట్టే.