మా కుక్కకి పిడుదుల జ్వరం, ప్లేట్‌లెట్లు 38 వేలే. విజయవాడలో రాత్రిపూట రక్తం ఎక్కించేవాళ్లు ఉన్నారా?

అందరికీ నమస్కారమండీ. మాది పటమట. మా చిన్నూకి నాలుగేళ్లు, లాబ్రడార్. శుక్రవారం నుంచి ముద్ద ముట్టలేదు, జ్వరం 104. నిన్న ముక్కులోంచి రక్తం కారేసరికి కాళ్లూ చేతులూ ఆడలేదు. రక్తపరీక్షలో ఎర్లీషియా, అదే పిడుదుల జ్వరం, అని తేలింది. ప్లేట్‌లెట్లు కనీసం రెండు లక్షలైనా ఉండాలట, దీనికి 38 వేలే. డాక్సీసైక్లిన్ 28 రోజులు వాడమన్నారు. మాత్ర వేసిన అరగంటకే కక్కేస్తోంది. పెరుగన్నంలో పెడుతున్నా, పాలు, పెరుగుతో ఆ మందు సరిగా ఒంటబట్టదని ఇప్పుడే తెలిసింది. మరి దేనితో పెట్టాలి? కక్కిన మాత్ర మళ్లీ వేయొచ్చా? చిగుళ్లు తెల్లగా పాలిపోతున్నాయి, అదే నా టెన్షన్. మేం చూపించే క్లినిక్ ఎనిమిదింటికే మూసేస్తారు. గుంటూరైనా సరే, ఇప్పుడే బయల్దేరతాను. దయచేసి చెప్పండి.