రైల్‌గన్‌ను పక్కకు పెట్టుడు తప్పేనా?

ఓరుగల్లు కోట: రైల్‌గన్ అంటె మందు లేకుంట, రెండు లోహపు పట్టాల నడుమ కరెంటు పంపి గుండును విసిరే తోపు. అమెరికా నేవీ 2021ల దాని పని ఆపింది. నా లెక్కల అది తప్పు. ఓడ మీంచి విమానాలను, మిస్సైళ్లను కూల్చే ఎస్ఎం-2 మిస్సైల్ ఒక్కటి 20 లక్షల డాలర్లు. రైల్‌గన్ గుండు మొదట్ల 25 వేలే అన్నరు, పెరిగినా లక్ష లోపే. చవక డ్రోన్ మీద ఏది కొట్టాలె?

కాజీపేట లోకో: గుండు ధర సరే, పట్టాల ధర ఎవలు లెక్కగట్టాలె? రైలింజన్ మీది పాంటోగ్రాఫ్ తీగను ఇడిస్తే మెరుపు వస్తది గదా, ఆడ వందల ఆంపియర్లే. ఈడ లక్షల ఆంపియర్లు. గుండును నెట్టే అల్యూమినియం ముక్క (ఆర్మేచర్) సెకనుకు రెండున్నర కిలోమీటర్ల వేగంల పట్టాలను రాస్కుంట పోతది, కరిగి పూత లెక్క అంటుకుంటది. గొట్టం మూతి కాడ ఆర్క్ (కరెంటు మెరుపు) లేస్తే పట్టాకు గుంటలు పడ్తయి. పైంగ రెండు పట్టాలు ఒకదాన్నొకటి బయటికి నెట్టుకుంటయి. సందు జర పెరిగినా కాంటాక్ట్ పోయినట్టే.

ఓరుగల్లు కోట: జపానోళ్లు 120 గుండ్లు ఓర్చే గొట్టం చేసిన్రు. 2023 అక్టోబర్ల ఓడ మీంచి కాల్చిన్రు గూడ.

కాజీపేట లోకో: అది 40 మిల్లీమీటర్లది, గుండు 320 గ్రాములు. మూతి కాడ గుండు శక్తి ఒక్క మెగాజౌల్ గూడ లేదు. అమెరికా నేవీ డాల్‌గ్రెన్ టెస్టు కేంద్రంల 2010 డిసెంబర్ల కాల్చింది 33 మెగాజౌల్స్. రెంటినీ ఒక్క తక్కెట్ల పెట్టకు.

పరకాల పిలగాడు: అన్నా, గంత కరెంటు యాడికెళ్లి వస్తది?

కాజీపేట లోకో: పెట్టిన కరెంటుల మూడో వంతు గుండుకు చేరిందనుకో. ఒక్క దెబ్బకు 100 మెగాజౌల్స్. నిమిషానికి పది కొడితే 16 మెగావాట్లు దాటుతది, మూడు వ్యాప్-7 కరెంటు రైలింజన్ల కంటె ఎక్కువ. అమెరికా కొత్త రకం యుద్ధనౌక జుమ్వాల్ట్‌ల 78 మెగావాట్లు ఉన్నయి. వాళ్ల పాత బర్క్ యుద్ధనౌకల జనరేటర్లన్నీ కలిపినా పది రావు.

ఓరుగల్లు కోట: మల్ల పట్టాలు, కరెంటు! నేను రాసింది చదువకుంటనే జవాబిస్తున్నవ్. బర్క్ ఓడల ఉన్నయే 96 మిస్సైల్ గొట్టాలు. అవి ఒడిసినంక రేవుకు మర్లాలె. సముద్రం మీద మల్ల నింపుడు 2024 అక్టోబర్ల అమెరికా చాసిన్ ఓడ మీద చేసి చూపిన్రు, గంతే. గుండ్లయితే వందలకు వందలు పడ్తయి.

కాజీపేట లోకో: గదే ముందుగాల చెప్పేదుండె! నీ బాధ ధర కాదు, ఓడల ఎన్ని మిగిల్నయని. దానికి రైల్‌గనే ఎందుకు? దానికోసం చేసిన గుండునే 2020 సెప్టెంబర్ల మామూలు 155 మిల్లీమీటర్ల తోపుల పెట్టి క్రూయిజ్ మిస్సైల్ టార్గెట్‌ను కూల్చిన్రు. అయిదు అంగుళాల ఓడ తోపుకు గూడ అదే గుండు.

ములుగు రోడ్డు: మరి దూరమున్న ఓడను కొట్టాలంటె?

కాజీపేట లోకో: 185 కిలోమీటర్లు పోను గుండుకు ఆరు నిమిషాలనుకో. 30 నాట్ల మీదున్న ఓడ అప్పటికి అయిదున్నర కిలోమీటర్లు జరుగుతది. గుండు తొవ్వ మార్చుకోవాలంటె లోపల టార్గెట్‌ను ఎతికే సీకర్ కావాలె. పది మీటర్ల గొట్టంల ఆ సెకనుకు రెండున్నర కిలోమీటర్ల వేగం అందుకుంటె భూమి ఆకర్షణకు 30 వేల రెట్ల దెబ్బ. దాన్ని ఓర్చే సర్క్యూట్ చవకకు రాదు. జుమ్వాల్ట్ తోపు కోసం చేసిన గైడెడ్ గుండు మామూలు మందుతోటి కాల్చేదే, అయినా ఒక్కటి 8 లక్షల డాలర్లకు ఎక్కింది. 2016ల కొనుడే బంద్ వెట్టిన్రు.

ఓరుగల్లు కోట: ఓడ తోపుల పెడితే ఆ గుండు వేగం సగానికి పడ్తది. వేగం సగమైతే దెబ్బ పావు. దూరం గూడ పాయె. దీనికి జవాబు చెప్పు.

కాజీపేట లోకో: డ్రోన్‌కు పావు దెబ్బ సాలదా?