మా అమ్మకి ఎలాంటి నవలలు తెచ్చివ్వాలి?

అందరికీ నమస్తే. మాది కావలి. కంటి ఆపరేషన్ అయ్యాక అమ్మ మళ్లీ పుస్తకాలు పట్టుకుంది. వయసులో ఉన్నప్పుడు అద్దె పుస్తకాల షాపు మీదే బతికిన మనిషి. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, మధుబాబు షాడో, యండమూరి 'తులసిదళం' అన్నీ చదివేసింది. కన్నీళ్ల ప్రేమకథలు మాత్రం ఇస్తే పక్కన పడేస్తుంది, నాకూ అంతే లెండి.

మొన్న కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' ఇచ్చా. తప్పిపోయిన పంది కోసం ముసలాయన రాత్రంతా అడవిలో తిరిగే కథ. అన్నం కూడా పళ్లెంలో ఆరిపోయింది, పేజీ వదల్లేదు. "ఇట్టాంటిది ఇంకోటి ఉంటే తేరా" అంటోంది. మా ఊరి ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' అయితే పైకి చదివి నవ్వుతుంది.

ఇప్పుడు క్రైమ్, హారర్, సైన్స్ ఫిక్షన్‌లలో తెలుగులో బాగా రాస్తున్న కొత్తవాళ్లెవరు? అనువాదాలైనా పర్లేదు, భాష సాఫీగా ఉండాలి. మన నెల్లూరు, ఒంగోలు యాసలో వచ్చిన కథలుంటే మరీ మంచిది. అక్షరాలు పెద్దవిగా ఉండాలి, అదే అసలు టెన్షన్. పాత కొమ్మూరి నవలలు నెల్లూరులోగానీ ఒంగోలులోగానీ ఏ షాపులో దొరుకుతాయో తెలిస్తే చెప్పండి, ఆదివారం బండేసుకుని వెళ్తా.