నల్ల టీషర్ట్ మీద గులాబీ త్రికోణం: కొన ఎటు, ప్రింటు ఎలా?

రంగులరాట్నం:
ప్రైడ్ నడకకి 40 టీషర్టులు. 1987 న్యూయార్క్ పోస్టర్ తరహాలో నల్ల గుడ్డ మీద గులాబీ త్రికోణం, కింద తెల్లగా ‘మౌనం = మరణం’. త్రికోణం కొన పైకా, కిందికా? శాంపిల్‌లో గులాబీ వంగపండు రంగుకి తిరిగింది, ‘ణ’ పూడుకుపోయింది.

పాతపోస్టర్:
పైకే. నాజీ క్యాంపుల్లో గే ఖైదీల బట్టలకి కుట్టిన త్రికోణం కొన కిందికి ఉండేది. ఎయిడ్స్‌తో జనం పోతున్నా అమెరికా ప్రభుత్వం నోరు మెదపని రోజుల్లో ఆరుగురు కలిసి దాన్ని తిరగేసి పోస్టర్ చేశారు. తర్వాత అదే యాక్ట్ అప్ అనే ఎయిడ్స్ ఉద్యమ సంస్థ గుర్తయింది. త్రికోణంలో ఇంద్రధనుస్సు మాత్రం నింపొద్దు. అది 1978 శాన్‌ఫ్రాన్సిస్కో ప్రైడ్ జెండాది, దాని కథ వేరు.

స్క్వీజీ:
మీ ప్రింటర్ వాటర్ బేస్ ఇంకు వాడినట్టున్నాడు. అది పలచన, కింది నలుపు మింగేస్తుంది. ప్లాస్టిసాల్ (వేడికి గట్టిపడే చిక్కటి ప్లాస్టిక్ ఇంకు) అడగండి. ముందు తెల్ల అండర్‌బేస్ (గులాబీ కింద వేసే తెల్ల పొర), 55టీ మెష్‌తో (స్క్రీన్‌కి, అంటే అచ్చుకి కట్టే జాలి, సెంటీమీటరుకి 55 దారాలు). ఫ్లాష్ (పైనుంచి వేడి కొట్టే హీటర్) కింద చేతికి అంటనంత ఆరాక పైన గులాబీ. అక్షరాలూ ఆ తెల్ల స్క్రీన్‌లోనే వచ్చేస్తాయి, మూడో స్క్రీన్ ఖర్చు దండగ. తెల్ల త్రికోణాన్ని మాత్రం చుట్టూ అర మిల్లీమీటరు కుదించాలి, లేకపోతే గులాబీ అంచున తెల్ల గీత తొంగిచూస్తుంది. అక్షరాల్ని కుదించకండి.

ఇంకు పొర అడుగుదాకా 160 డిగ్రీల సెల్సియస్‌కి చేరాలి. లేకపోతే పైకి ఆరినట్టే ఉంటుంది, లోపల పచ్చి. చల్లారాక లాగి చూడండి, పగిలితే ఉడకలేదన్నమాట. గుడ్డ 180 జీఎస్ఎం (చదరపు మీటరుకి 180 గ్రాములు), పూర్తి కాటన్. పాలిస్టర్ కలిస్తే వేడికి దాని అద్దకం ఇంకులోకి పాకి గులాబీ మసకబారుతుంది.

వట్టిసున్న:
పోస్టర్‌లో ఉన్నది గిల్ శాన్స్ ఫాంటు, అందులో తెలుగు లేదు. అనెక్ తెలుగు సెమీబోల్డ్ సరిపోతుంది. ఇంకా లావైతే ‘ర’, ‘ణ’ల కడుపులు, సున్నలు మూసుకుపోతాయి. ఇంకు కొంచెం పాకుతుంది కాబట్టి ప్రింటు సైజులో లోపలి ఖాళీ 1 మిల్లీమీటరుకి తగ్గకూడదు. ఫైలు ఇచ్చేముందు అక్షరాల్ని కర్వ్స్‌గా (ఫాంటుతో పనిలేని గీతల బొమ్మగా) మార్చండి. పాత కోరల్‌డ్రా డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్ అతికిస్తే ‘మౌ’లో ఔత్వం విడిపోయి పక్కన పడుతుంది. ఒత్తులు లేని నినాదం దొరికింది, అదే నయం.

రంగులరాట్నం:
త్రికోణం ఎంత వెడల్పు?

స్క్వీజీ:
ఎల్‌కి 9 అంగుళాలు బాగుంటుంది గానీ, ఎస్‌కీ అదే స్క్రీన్ కదా, 8 పెట్టండి. కాలర్ కుట్టు నుంచి 3 అంగుళాలు కిందికి. గుడ్డలు 43 ఇవ్వండి, రెండు రంగులు కుదరక రెండు మూడైనా పోతాయి.